చుక్కల గీత

లేడీస్ హాస్టల్,
రెండో అంతస్తు, మెట్ల పక్క గది.

పిన్నికి,

క్షేమంగా చేరాను. ఫోన్లన్నీ వార్డెన్ గారి అలమరాలో ఉన్నాయి. ఆదివారం అయిదు నిమిషాలు ఇస్తారు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళంతా వింటూంటే నాకు గొంతు పెగలదు. పోయిన ఆదివారం నేను "ఊఁ" తప్ప ఏమీ అనలేదని నాన్న బెంగపెట్టుకున్నాడట కదా. అందుకే ఉత్తరం. కాగితం మీదైతే నాకు మాటలు వస్తాయి.

మెడికల్ సీటు కోసం రెండోసారి రాస్తున్న పరీక్ష కనుక చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ప్రశ్న చూస్తే ఏదీ తెలియనట్టు ఉంటుంది. ఈ నెలంతా జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రం పునశ్చరణ. నా పక్క మంచం అమ్మాయిని అందరూ రేడియో అంటారు. పాఠం పైకి చదివితేగానీ ఆమెకు తలకెక్కదు. నాకేమో ఎవరికైనా వివరిస్తేగానీ ఎక్కదు. ఇక్కడ ఎవరికీ వివరించే ధైర్యం లేదు. కాబట్టి నువ్వే నా క్లాసు.

డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైము ఒకటుంది. ఒక్కో అక్షరం చేర్చుకుంటూ పోతుంది. తప్పు అక్షరం పడితే ఆగుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, దాన్ని తీసేసి, సరైనది పెట్టి మళ్ళీ ముందుకు సాగుతుంది. ఈ పనిని పుస్తకంలో ప్రూఫ్ రీడింగ్ అనే రాశారు. చదవగానే నవ్వొచ్చింది. సార్ నావైపు చూశారు. మా పిన్ని ఉద్యోగం అదేనండీ అని చెప్పాలనిపించింది. తల దించుకున్నాను.

ఇక్కడి కూరలు నోట్లో పెట్టలేం, అంత ఉప్పు. ఆ మాట నేనొక్కదాన్నే అంటున్నాను. రేడియో నా కంచంలోది రుచి చూసి, "సరిగ్గానే ఉంది కదే. చప్పిడి తిండి ఇంట్లో పెరిగావా ఏంటి?" అంది. తలనొప్పి అప్పుడప్పుడు వస్తోంది. నీకు మాటిచ్చినట్టే మాత్ర వేసుకోవడం లేదు, తడిగుడ్డ వేసుకుంటున్నాను.

సార్ ఒక పని ఇచ్చారు. ఏదో ఒక లక్షణం తీసుకుని ఎవరి కుటుంబానిది వాళ్ళు వంశవృక్షం చార్టు గీయాలి. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం. లక్షణం ఉన్నవాళ్ళది నల్లగా నింపాలి. నేను చెవి తమ్మెలు తీసుకున్నాను. నీకు మూడు ప్రశ్నలు.

ఒకటి, అమ్మ చెవి తమ్మెలు విడిగా వేలాడేవా, బుగ్గకి అతుక్కుని ఉండేవా? రెండు, అమ్మ నాలుకని గొట్టంలా చుట్టగలిగేదా? మూడు, పోయినవాళ్ళ గుర్తు కింద ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో రాయాలట. అమ్మకీ, అమ్మమ్మకీ ఏం రాయను?

చివర ఒక వాక్యం రాసి కొట్టేశాను. పట్టించుకోకు.

నీ
కామా


ఇల్లు,
కిటికీ పక్క బల్ల.

కామాకి,

ప్రెస్సులో రైళ్ళ టైంటేబుల్ పని నడుస్తోంది. నీ ఉత్తరం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఒకసారి చదవడానికి, ఒకసారి దిద్దడానికి. తప్పులు లేవు. పాపం ఆ ఎంజైముకి జీతం ఎవరిస్తారో అడిగి చెప్పు, మా మేనేజరుకి వినిపిస్తాను.

నీకొక ఉదాహరణ. నిన్న టైంటేబుల్లో ఒక స్టేషను పేరు ఎగిరిపోయింది. అంతే, కిందివన్నీ ఒక్కో గడి పైకి జరిగాయి. ప్రతి రైలూ ఒక స్టేషను ముందరి టైముకి వస్తోంది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, చదివితే అంతా తప్పు. నీ డీఎన్‌ఏలో ఇలాంటిది జరుగుతుందా?

నీ ప్రశ్నలకి జవాబులు. మీ అమ్మ చెవి తమ్మెలు విడిగానే ఉండేవి. హాల్లో ఫొటో దించి, భూతద్దం పెట్టి చూశాను. నాలుక చుట్టేదట. మీ నాన్న చెప్పారు. చెబుతూ తనూ చుట్టబోయారు, రాలేదు. అద్దం ముందు నిలబడి చాలాసేపు తంటాలు పడ్డారు.

నువ్వు కొట్టేసిన వాక్యాన్ని వెలుతురుకి పట్టి చదివాను. "ఇంటికి వచ్చేయాలనుంది." మా పనిలో పొరపాటున కొట్టేసినదాన్ని మళ్ళీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతాం. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వమని అర్థం. నీ వాక్యం కింద చుక్కలు పెట్టి ఆ కాగితం ముక్క ఇందులో పెడుతున్నాను. ఇంటికి రావాలనిపించడం తప్పేం కాదు. కొట్టేయకు.

నీళ్ళు బాగా తాగు.

పిన్ని


లేడీస్ హాస్టల్.

పిన్నికి,

నీ టైంటేబుల్ సరిగ్గా అదే. డీఎన్‌ఏ అక్షరాలు మూడేసి చొప్పున చదవబడతాయి. ఒక అక్షరం ఎగిరిపోతే అక్కణ్ణుంచి మూడేసి గుంపులన్నీ జరిగిపోతాయి. చట్రం జరిగిందంటారు. ఈ ఉదాహరణ రేడియోకి చెప్పాను. నేను చెప్పానంటే నమ్ము. ఆమె దాన్ని గదిగదికీ ప్రసారం చేసింది.

చార్టులో చెవి తమ్మెలు నింపాను. నాకూ అమ్మలాగే వచ్చాయి.

మూడో ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయావనుకున్నాను. నాకు చదవడం వచ్చినప్పటినుంచీ నీ పక్కన కూర్చున్నాను పిన్నీ. నువ్వు లైను వదిలేయడం ఎప్పుడూ చూడలేదు.

అమ్మకి జ్వరం వచ్చి తగ్గలేదని కదా నాన్న చెబుతాడు. అదే రాయనా? మామయ్య వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్తాడు కదా, అది షుగరుకా?

కామా


ఇల్లు.

కామాకి,

జ్వరం అని రాయి. చెవి తమ్మెల చార్టుకి అది చాలు. మిగతావి పరీక్ష అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడు నీ ధ్యాసంతా పాఠాల మీదే ఉండాలి.

స్వెట్టరు పంపుతున్నాను. మీ నాన్న డిపో నుంచి బస్సు డ్రైవరుకిచ్చి పంపుతారు. బస్సులు బాగుచేసేవాళ్ళ ఇంట్లో ఉండి పోస్టు ఖర్చు ఎందుకంటారు.

పిన్ని


లేడీస్ హాస్టల్.

పిన్ని గారికి,

స్వెట్టరు అందింది.

ఇవాళ క్లాసులో బహిర్గత లక్షణాల వల్ల వచ్చే జబ్బులు చెప్పారు. తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర్నుంచి చెడ్డ నకలు ఒక్కటి వచ్చినా చాలు, జబ్బు వస్తుంది. తరం తప్పకుండా కనిపిస్తుంది. ఒక్కో బిడ్డకీ అవకాశం సగం. ఉదాహరణల్లో ఒకటి కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే జబ్బు. సార్ దాని జాగ్రత్తలు కూడా చెప్పారు. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు బాగా తాగాలి. రక్తపోటు చూసుకుంటూ ఉండాలి. నొప్పుల మాత్రలు ఇష్టం వచ్చినట్టు వేసుకోకూడదు.

మన ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలో ఉంటుంది. నా బ్యాగులో నీళ్ళ సీసా లేకుండా నన్నెప్పుడూ గడప దాటనివ్వలేదు. నెలకోసారి "చెయ్యి ఇలా ఇవ్వు" అని నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేదానివి. చిన్నప్పుడు అది ఆట అనుకున్నాను. ఇక్కడందరూ తలనొప్పికి మాత్ర వేసుకుంటారు. నేను తడిగుడ్డ వేసుకుంటాను.

రఫ్ కాగితం మీద ఇంకో చార్టు గీశాను. అమ్మమ్మ గుండ్రం నింపాను. మామయ్య చదరం నింపాను. అమ్మది నింపాను. నాది ఖాళీగా ఉంది.

నేను లెక్క తప్పు చేసి ఉంటే దిద్దండి.


ఇల్లు,
కిటికీ పక్క బల్ల.

కామాకి,

లెక్క తప్పలేదు.

మీ నాన్న నన్ను చేసుకోబోయేముందే చెప్పారు. "పాపకి రావచ్చు, రాకపోవచ్చు. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకోవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. వచ్చినా రాకపోయినా నువ్వు ఆ ఇంట్లో ఉంటావు కదా.

డాక్టర్ని అడిగాను. చిన్నపిల్లకి ఇప్పుడే స్కానింగు వద్దు, చేయించుకోవాలో వద్దో పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలి, అందాకా రక్తపోటు చూస్తూ ఉండండి చాలు అన్నారు. నీకు పద్దెనిమిది నిండాక చెబుదామనుకున్నాం. అప్పుడే మొదటిసారి పరీక్ష పోయింది. నువ్వు గదిలోంచి బయటికి రాలేదు. ఆ తలుపు కొట్టి ఈ మాట చెప్పడం మీ నాన్న వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. ఈసారి పరీక్ష కానిద్దాం అనుకున్నాం. ఈలోగా పాఠంలో వస్తుందని నేను ఊహించి ఉండాల్సింది. ప్రూఫులు దిద్దేదాన్ని, నీ పుస్తకం మాత్రం తెరిచి చూడలేదు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నువ్వు నాతో మాట్లాడేదానివి కాదు. కోపం కాదు, భయం. ఏం చేయాలో తోచక ఒకరోజు ప్రూఫు కట్ట నీ ముందు పెట్టి, "పైకి చదువు, నేను అసలు ప్రతితో సరిచూసుకుంటాను. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా చదవాలి" అన్నాను. అదీ టైంటేబులే. ఒక్కో స్టేషను పేరు చదివి "కామా" అనేదానివి. నువ్వు నాతో మొదట మాట్లాడిన మాటలు అవే. ఆ పేరు నీకలా వచ్చింది. అందరికీ చెప్పే కథ అక్కడితో ఆగుతుంది. ఇంకొంచెం ఉంది.

ఆ టైంటేబుల్ అచ్చయిన వారం, ప్రెస్సులో రక్తదానం పెట్టారు. నా గ్రూపు, నీ గ్రూపు ఒకటేనని తెలిసింది. తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అమ్మాయికి ఎప్పుడైనా అవసరమైతే నా కిడ్నీ ఒకటి ఇవ్వచ్చా అని అడిగాను. ఆయన నవ్వారు. "గ్రూపు కలిస్తే సరిపోదు, ఇంకా చాలా పరీక్షలుంటాయి. అయినా ఇప్పటినుంచే రిజర్వు చేసుకునే సీటు కాదమ్మా ఇది. ఆ అవసరమే రాకపోవచ్చు. వచ్చేసరికి మీరు ముసలివాళ్ళయిపోతారు" అన్నారు.

సరే అని వచ్చేశాను. కానీ ఆ రోజు నుంచి ఉప్పు నేనూ తగ్గించాను, నీళ్ళు నేనూ తాగుతున్నాను. రెండింటినీ బాగా చూసుకుంటున్నాను. ఏది బాగుంటే అది తీసుకోవచ్చు. మీ నాన్న మాత్రం డిపో క్యాంటీన్లో ఊరగాయ నంజుకుంటారని నాకు తెలుసు. ఆయనవి మన లెక్కలోకి తీసుకోకు.

కోపం ఉంటే ఉండనీ. "గారు" మాత్రం తీసెయ్యి. ఆ మాట దగ్గర నా చూపు ఆగిపోతోంది.

పిన్ని


ఇల్లు.

కామాకి,

రెండు వారాలు పోస్టు చూశాను. ఆదివారం ఫోనుకి కూడా రాలేదు. వార్డెన్ గారు నువ్వు బాగానే ఉన్నావని, క్లాసులకి వెళ్తున్నావని చెప్పారు.

రాయాలనిపించకపోతే ఖాళీ కాగితమైనా పంపు.

పిన్ని


లేడీస్ హాస్టల్.

పిన్నికి,

ఖాళీ కాగితం పంపుదామనే తీశాను. నిండిపోయేలా ఉంది.

మొదట్లో నీ మీద కోపం వచ్చింది. తర్వాత నాన్న మీద. ఆ తర్వాత అమ్మ మీద కూడా వచ్చింది, దానికి సిగ్గేసింది. పాఠాలు చదివాను కానీ ఏ పేజీ తిప్పినా "సగం" అన్న మాటే కనిపించేది. ఒక ప్రశ్నకి జవాబు పావు అయితే సగం అని గుర్తుపెట్టాను. రేడియో నా రఫ్ కాగితం చూసింది. ఆ సాయంత్రం గదిలో ఒక్క ముక్క పైకి చదవలేదు. ఆమె అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఎవరికీ తెలియదు.

నిన్న క్లాసులో చేయి ఎత్తాను.

ఎత్తాక గాని తెలియలేదు ఎత్తానని. సార్ "చెప్పమ్మా" అన్నారు. ఆయన నా గొంతు వినడం అదే మొదలు. "కన్నవాళ్ళు కాకుండా పెంచినవాళ్ళు ఉంటే చార్టులో ఎలా చూపించాలండీ?" అని అడిగాను. వెనక బెంచీలో ఎవరో, "పరీక్షలో అడగరులే" అన్నారు. సార్ వాళ్ళకేసి చూసి బోర్డు మీద గీశారు. జన్యువులు వచ్చిన చోట నిండు గీత. పెంపకం మాత్రమే ఉన్న చోట చుక్కల గీత. "మంచి ప్రశ్న" అని కూర్చోమన్నారు. నేను అప్పటికే కూర్చున్నాను.

పిన్నీ, నేను స్కానింగు చేయించుకుంటాను. పరీక్షకి ముందే. సగంతో కూర్చుని చదవడం నా వల్ల కావడం లేదు. ఉంటే ఉందని, లేకపోతే లేదని తెలిస్తే చదువుకోగలను.

నువ్వొక్కదానివే రా. నాన్న వస్తే నేనే ఆయన్ని ఓదార్చాలి.

కామా


లేడీస్ హాస్టల్.

పిన్నికి,

నీ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. నువ్వు కిటికీలోంచి చూడలేదు. ఎందుకు చూడలేదో తెలుసు.

ఇదంతా నీకు తెలిసిందే. అయినా రాస్తున్నాను. రాస్తేగాని నాకు జరిగినట్టు అనిపించదు.

డాక్టరమ్మ రిపోర్టు నీ చేతికిచ్చింది. అచ్చు కాగితం చేతిలో పెడితే ఎక్కడున్నా తప్పులు వెతికే నువ్వు, దాన్ని విప్పలేదు. నాకిచ్చి, "నువ్వు చదువు. నేను వింటాను" అన్నావు. నేను చదివాను. ఎందుకో పాత అలవాటే వచ్చింది. "రెండు కిడ్నీలలోనూ చిన్న తిత్తులు కనిపిస్తున్నాయి కామా పరిమాణం సాధారణం కామా మిగతా అవయవాలు సాధారణం ఫుల్‌స్టాప్."

"మళ్ళీ చదువు" అన్నావు. మళ్ళీ చదివాను.

డాక్టరమ్మ మనిద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ప్రెస్సువాళ్ళా?" అంది. నువ్వు కళ్ళు తుడుచుకుంటూ "అవునండీ. ఇందులో ఒక తప్పుంది. అమ్మాయి వయసు ఒకటి ఎక్కువ వేశారు" అన్నావు. ఆమె దిద్ది సంతకం పెట్టింది.

తర్వాత ఆమె చెప్పినవి నువ్వు సరిగ్గా విన్నావో లేదో అని రాస్తున్నాను. ఇప్పుడు కిడ్నీలు మామూలుగానే పనిచేస్తున్నాయి. రక్తపోటు అదుపులో ఉంది. ఇన్నాళ్ళూ జాగ్రత్తగా చూసుకోవడం మంచిదైందంది. అమ్మ రోజుల్లో లేని మందులు ఇప్పుడున్నాయి. ఏడాదికోసారి చూపించుకోవాలి. చదువు, ఉద్యోగం అన్నీ చేసుకోవచ్చు. ఎలా నడుస్తుందన్నది మనిషికీ మనిషికీ తేడా. అవసరమంటూ వస్తే చాలా ఏళ్ళ తర్వాతే రావచ్చు.

ఆ లెక్కన నువ్వు దాచిపెట్టింది అప్పటికి పాతసామాను అవుతుంది. అయినా నీ దగ్గరే ఉంచు, బాగా చూసుకో. నాకు నువ్వు నిండుగా కావాలి, రెండింటితో.

నా గుండ్రం నింపేశాను. పెన్సిలుతో కాదు, పెన్నుతో. అయిపోయాక పుస్తకం తీశాను. ప్రోటీన్ల తయారీ మొత్తం ఏకబిగిన చదివేశాను. రేడియో మళ్ళీ మోగుతోంది.

నాన్నకి నువ్వే చెప్పు. మెల్లగా చెప్పు. ఊరగాయ సంగతి నాకు తెలుసని కూడా చెప్పు. కాస్త నవ్వుతాడు.

నీ
కామా


ఇల్లు.

కామాకి,

మీ నాన్నకి చెప్పాను. చాలాసేపు మీ అమ్మ ఫొటో తుడుస్తూ కూర్చున్నారు. మామయ్యకి తనే ఫోన్ చేసి చెప్పారు. తర్వాత వంటింట్లోకి వచ్చి ఉప్పు డబ్బా ఇంకో అర పైకి పెట్టారు. అది ఇప్పుడు ఆయనకి తప్ప ఎవరికీ అందదు. ఏం తెలివో.

రేపు నీ పరీక్ష. ఈ ఉత్తరం నీకు పరీక్ష అయ్యాకే అందుతుంది. కాబట్టి సలహాలు లేవు. బాగా రాసి ఉంటావు. రాయకపోయినా నాకు పైకి చదివిపెట్టే మనిషి కావాలి, టైంటేబుల్ మళ్ళీ మారుతోంది.

పిన్ని


మెడికల్ కాలేజీ హాస్టల్,
కింది అంతస్తు, పంపు ఎదురు గది.

పిన్నికి,

పైన చిరునామా రాసి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. నువ్వూ ఒకసారి చదువు. తర్వాత దిద్దడానికి ఇంకోసారి.

ఇక్కడ గదిలో నలుగురం. మొదటిరోజు పేర్లు చెప్పుకోమన్నారు. చెప్పాను. చివరి వరసకి వినబడలేదట, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రేడియోకి వేరే ఊళ్ళో సీటు వచ్చింది. ఇప్పుడు ఆమె కూడా ఉత్తరాలు రాస్తోంది. ఉత్తరం కూడా గట్టిగానే ఉంటుంది.

నీకు చెప్పలేదు, పరీక్షలో వంశవృక్షం ప్రశ్న వచ్చింది. మూడు తరాలు, ప్రతి తరంలోనూ నల్ల గుర్తులు. ఈ బిడ్డకి వచ్చే అవకాశం ఎంత అని. చూడగానే గుర్తుపట్టాను, తెలిసినవాళ్ళ ఇల్లులా అనిపించింది. సగం అని గుర్తుపెట్టి ముందుకు వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఏడాది పరీక్ష ఇక్కడి ఆస్పత్రిలోనే చేయించుకుంటాను. నువ్వు రానక్కర్లేదు. రావాలనుంటే రా.

ఇందులో ఒక చార్టు పెడుతున్నాను. మన ఇంటిది, సాఫీగా మళ్ళీ గీశాను. నల్ల గుర్తులు ఎక్కడెక్కడున్నాయో నీకు తెలుసు. అమ్మ నుంచి నాకు నిండు గీత. నాన్న చదరానికి ఇంకో పక్కన ఉన్న గుండ్రం నువ్వు. నీ నుంచి నాకు వచ్చే గీత కింద ఏం రాయాలో తెలియలేదు. ఏమీ రాయలేదు.

తప్పులుంటే దిద్ది పంపు.

నీ
కామా


ఇల్లు,
కిటికీ పక్క బల్ల.

కామాకి,

చార్టు అందింది. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొత్తం చూశాను. కింది నుంచి పైకి కూడా చూశాను.

మీ నాన్న నా భుజం మీదుగా తొంగిచూసి, "ఈ ఒక్క గీత చుక్కలు చుక్కలుగా వదిలేసిందేంటి? సిరా అయిపోయిందా? ఇలా తే, నేను కలిపేస్తాను" అన్నారు.

ఉండనివ్వండి అన్నాను.

పిన్ని